బావ బొటనవేలికి ఏమీ కాలేదు

నా చేతిరాత కోళ్ళు కెలికినట్టు ఉంటాది, మన్నించండి. బూదికోట బడిలో ఐదో తరగతి దాకా చదివినోణ్ణి. తప్పులుంటే మీరే దిద్దుకోని చదవండి.

మా అక్క మొగుడు, మా బావ, బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో పోయిన నెల పోయినాడు. పొద్దున కాఫీ తాగే వేళకు ఊపిరి నిలిచిపాయ. గని మూసేదాకా ఆయన ఇంజిన్ డ్రైవరు. మనుషుల్ని తాడుమీద గనిలోకి దించే ఇనుప బోను, అదే కేజి, దాన్ని పైనుంచి దించేదీ ఎత్తేదీ ఆయన చెయ్యే. ఆయనతో పనిచేసినోళ్ళు ఈ పత్రిక చదువుతారని రాస్తా ఉండాను. నేను చేసిన తప్పొకటి మీకు చెప్పాల.

ఆయన చెయ్యి ఎట్లాంటిదో మీకు తెలుసు. అంచుదాకా పోసిన కాఫీ లోటాను వాకిట్నుంచి కుర్చీదాకా ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చుకునేవాడు. "కేజి లివరును గొంతు పట్టినట్టు పట్టకూడదప్పా, దూడ మూతి పట్టినట్టు పట్టాల" అనేవాడు. ఇంగ దేనికీ ఆయన గొప్ప చెప్పుకోలేదు. ఆ చెయ్యి ఒక్కటే ఆయనకు గొప్ప.

కూతురు చిన్నగా ఉండినప్పుడు టీవీకి తగిలించే ఆట సెట్టు ఒకటి కొనిచ్చినాడు. చిన్న మనిషి ఒకడు గుంతలు దాటుకుంటా పరిగెత్తే ఆట. కూతురు పెద్దదై దాన్ని మరిచిపాయ, బావ మరవలేదు. ఆడేదానికి చేతిలో పట్టే రిమోటుకు వైరు పొట్టిది, టీవీ కింద నేలమీద కూర్చోవాల. మోకాళ్ళు పోయినాక కుర్చీలో కూర్చోని వైరును లాగి పట్టుకునేవాడు. అది తగులుకోని అక్క పాలచెంబుతో సహా పడింది. "గని మూసి ఇన్నేండ్లాయ, ఈ ఇంట్లో మాత్రం తాడు పోలేదు" అని తిట్టింది.

రోజూ రైల్లో బెంగళూరుకు పోయి పనిచేసే ఆ కూతురే వైరు లేని రిమోటు తెచ్చిచ్చింది. పాత సెట్లకని ఇప్పుడు కొత్తగా చేస్తారంట. పాత సెట్టులో వైరు దూర్చే చోట బొటనవేలంత బిళ్ళ ఒకటి పెడితే చాలు. రిమోటుకు ఫోనుకు మాదిరి కరెంటు ఎక్కించాల. బావ దాన్ని తిప్పి తిప్పి చూసి, "తాడు లేని కేజి ఎవురన్నా ఎక్కుతారామ్మా?" అన్నాడు. ఆ పొద్దు సాయంత్రం దాకా కింద పెట్టలేదు.

రెండేండ్లు, వారానికి రెండు మార్లు, డైరీలో పాలు పోసేసి నేను బస్సెక్కి పోయేవాణ్ణి. రిమోటు ఒకటే. ఆయన ఒక మారు, నేను ఒక మారు. మొదలుపెట్టే ముందర కుర్చీ చేతిమీద మూడు మార్లు తట్టేవాడు. "మూడు గంటలు మోగె. కేజిలో మనుషులుండారు, జాగ్రత్త." నా మనిషి గుంతలో పడితే, "పాయ! ఒక షిఫ్టు మనుషుల్ని ముంచేస్తివి కదప్పా" అని నగేవాడు. "మెల్లగా నొక్కు బామ్మర్దీ, అది గడ్డపార కాదు." నేను ఒక్క పొద్దూ గెలవలేదు.

పోయిన ఆయుధపూజకు పువ్వులూ అరటి పిలకలూ తీసుకోని పోయినాను. బావ స్నానానికి పోయినాడు. ఆయన పాత స్పానర్లూ, అక్క మిక్సీ, పక్కనే ఆ రిమోటు వరసగా పెట్టినాము. "దానికి మాత్రం పువ్వొకటి పెట్టి ఊరకుండు, తడి తగలనీయొద్దు" అనింది అక్క. నాకు మనసొప్పలేదు. ఇప్పుడు ఆయన చేతి పనిముట్టు అదే కదా అనుకున్నాను. అక్క లోపలికి పోతానే కొడవలికి పూసినట్టు పసుపు నీళ్ళు పూసి, దూకే బటను మీద కుంకుమ బొట్టు పెట్టినాను. తర్వాత తడిగుడ్డతో తుడిచేసినాను. తుడిచింది పోయింది, లోపలికి దిగింది దిగింది.

మర్నాడు బావ నొక్కితే మనిషి దూకలేదు. మళ్ళా నొక్కినాడు, గుంతలో పడె. నా చేతికిచ్చినాడు. నాది మడక పట్టి దున్నిన వేలు, గట్టిగా నొక్కితే దూకె. నొక్కినప్పుడు బటను చుట్టూ పచ్చగా గీత తేలింది, చూసినాను. చూసి కూడా ఆడినాను. గెలిచినాను. చెప్పేదానికి సిగ్గుగా ఉండాది, లోపల సంతోషం కూడా అయింది.

"నీకు దూకతాది, నాకు దూకదు" అన్నాడు బావ. వేలు చూసుకున్నాడు. "వేలు పాయప్పా."

"అట్లేమీ లేదు బావా" అన్నాను. అంతే అన్నాను. పసుపు అనే ఒక్క మాట నోట్లోనే నిలిచిపాయ. అక్క తిడుతుందని, కూతురు నన్ను మొద్దు అనుకుంటుందని.

తర్వాత ఆయన రిమోటు ముట్టలేదు. లోటాను రెండు చేతులా పట్టుకునేవాడు. గడ్డం గీసేదానికి మనిషిని పిలిపించినాడు. మీలో చానామందికి ఫోన్ చేసి చెయ్యి పాయ అని చెప్పినాడంట. ఒక పొద్దు నన్ను అడిగినాడు: "ఇది ఎప్పట్నుంచి మొదలయిందో బామ్మర్దీ? డ్యూటీలో ఉండినప్పుడే కేజి కుదిపింటానేమో. మర్యాదకు ఎవురూ చెప్పలేదేమో." నేను తల వంచుకోని అరటిపండు ఒలిచిస్తా కూర్చున్నాను.

బావ పదకొండో దినం కర్మ అయినాక పొరక పుల్లతో, సూది మందు స్పిరిటుతో ఆ బటను సందులు గీకినాను. ఎండిన పసుపు పొడిగా రాలింది. దూది ఆనించినంత మెల్లగా నొక్కినా మనిషి దూకె. అక్కకు చూపించి అంతా చెప్పేసినాను.

అక్క రాలిన పసుపును కొనవేలితో ఒక పక్కకు తోసింది. తర్వాత, "ఆ పొద్దే చెప్పింటే తిట్టేదాన్ని. తిట్టి అన్నం పెట్టేదాన్ని. అంతే కదరా" అనింది. ఏడవలేదు. "ఆయన అడిగి పాయ కదా, కుదుపు ఉండిందా అని. దానికి జవాబు యాడనుంచి తెస్తావు?"

నా దగ్గర లేదు. మీ దగ్గర ఉండాది. ఆయన దించిన కేజిలో ఎక్కినోళ్ళు ఎవురన్నా ఉంటే రెండు ముక్కలు రాయండి. ఆయన వేలు కడదాకా బాగుండిందని మాత్రం నేను చెప్తా ఉండాను.

రిమోటును అక్క నాకే ఇచ్చి పంపింది. మా ఇంట్లో దానికి సెట్టు లేదు. బటను నొక్కితే చిన్న నీలం లైటు మినుకుమినుకుమని తన సెట్టును వెతుక్కుంటాది. కొంచేపు చూసి, దొరక్కపోతే దానంతట అదే ఆరిపోతాది.

కుదుపు ఉండింటే ఉండిందనే రాయండి. తొందరగా రాయండి. అక్కకు చదువు రాదు, నేనే చదివి వినిపించాల.