నూనె మరకల కీబోర్డు

2005వ సంవత్సరం. బెంగుళూరు దగ్గర, తమిళనాడు అంచునున్న హోసూరు పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో నేను సిస్టమ్స్ ఇన్‌చార్జిని. ఆ హోదాకు అర్థం ఏమిటంటే, కంప్యూటర్లు పనిచేస్తున్నంత కాలం నన్ను ఎవరూ తలుచుకోరు; ఆగిపోతే మా నాన్నగారితో సహా తలుచుకుంటారు. ఎమ్మెస్సీ గణితం చదివి, ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగుతూ స్థిరపడినవాణ్ణి.

అంతకు ముందు సంవత్సరం మా టూల్ రూములో, అంటే అచ్చులు తయారయ్యే విభాగంలో, ఒక ఫిట్టరు ఆత్మహత్య చేసుకున్నాడు. ముందురోజు మధ్యాహ్నం క్యాంటీనులో నా ఎదురుగానే కూర్చున్నాడు. సాంబారులో ములక్కాడ ముక్క కోసం గరిటెతో వెతుకుతూ నేనేదో అంటే నవ్వాడు కూడా. సంతాప సభలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. మూడో నిమిషానికి రేకులు నొక్కే ప్రెస్సులు మళ్ళీ మొదలయ్యాయి.

మా కంపెనీ చెడ్డదని అనలేను. ఏ సమస్య వచ్చినా దానికి ఒక యంత్రం కొనడం దాని స్వభావం, అంతే. ఈసారి కొన్నదాని పేరు ఆన్‌లైన్ క్రైసిస్ ఇంటర్వెన్షన్. ఫ్యాక్టరీలో ఒక మూల కంప్యూటరు ఉంటుంది. దిగులుతో ఉన్న మనిషి దాని ముందు కూర్చుని తన బాధ టైపు చేస్తే, బెంగుళూరులో కూర్చున్న కౌన్సెలరు వెంటనే జవాబు రాస్తారు. తెలుగుగానీ తమిళంగానీ కన్నడంగానీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టవచ్చు. కంప్యూటరు మన పేరు అడగదు. తనే ఒక పువ్వు పేరు పెడుతుంది. ట్రైనింగ్ హాలు చివర ప్లైవుడ్ తడిక కట్టి, లోపల ఒక కుర్చీ వేసి, బయట బోర్డు పెట్టాం: "ఇక్కడ మిమ్మల్ని ఎవరూ గమనించరు." ఆ బోర్డు ప్రింటు తీసింది నేనే.

ప్రారంభోత్సవం నాడు దీపం వెలిగించాక మా పర్సనెల్ మేనేజరు పరీక్షగా "హలో" అని కొట్టారు. ఈ బాధ మీకు ఎన్నాళ్ళుగా ఉందని అవతలి నుంచి చాలా దయగా ప్రశ్న వచ్చింది. ఆయన గబుక్కున లేచిపోయారు.

ఆ తర్వాత నెలనెలా రిపోర్టు వచ్చేది. జరిగిన సంభాషణలు: సున్నా. మరుసటి నెలా సున్నానే. రివ్యూ మీటింగులో మేనేజరు ఆ సున్నాను తెర మీద పెద్దగా చూపించి, "మనవాళ్ళు సంతోషంగా ఉన్నారు" అన్నారు. మైసూరుపాకు పంచారు. బాగానే ఉండింది.

మూడు నెలలకోసారి కంప్యూటర్లన్నీ దుమ్ము దులపడం మా పని. ఆ మూలకు వెళ్ళినప్పుడు కీబోర్డు మీద వేలెడు దుమ్ము ఉంటుందనుకున్నాను. దుమ్ము లేదు. మీటల మీద నల్లటి నూనె ఉంది. ఎవరూ ముట్టని కీబోర్డుకు అంత జిడ్డు గాలికి పట్టదు. వాసన చూశాను. ప్రెస్ షాపులో రేకుకు పూసే నూనె.

ఆ కంప్యూటరులో ఆటలు లేవు, పాటలు లేవు. బాధ చెప్పుకోవడం తప్ప వేరే సౌకర్యం లేదు. అయితే ఎవరో వస్తున్నారు, రాస్తున్నారు. మరి సున్నా ఎక్కడిది?

కుర్చీలో కూర్చున్నాను. టైపింగు రాని మనిషిలా ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఉండగా నేను రాసిందంతా మాయమైంది. తెర మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చాయి: మాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు, మీ రోజు ఆనందంగా గడవాలి.

దీన్ని మా భాషలో టైమవుట్ అంటారు. ఇంత సేపట్లో "పంపు" అనే మీట నొక్కకపోతే, మనిషి లేచిపోయాడని కంప్యూటరు తీర్మానించుకుని ద్వారం మూసేస్తుంది. పంపిన మాటలే లెక్కలోకి వస్తాయి. పంపకుండా పోయినవి ఎక్కడా మిగలవు.

సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీకి ఫోను చేశాను. అటుపక్క కుర్రవాడు చాలా మర్యాదస్తుడు.

"సార్, మామూలు యూజరుకు ఆ టైము చాలా ఎక్కువ."

"మా మామూలు యూజరు పొద్దుననించి రేకులు మోసి వస్తాడప్పా."

"అర్థమైంది సార్. రిక్వెస్టు పంపండి. వచ్చే వెర్షనులో చూస్తాం."

మేనేజరుకు చెప్పాను. "రిపోర్టులో సున్నా ఉంది గదా?" అన్నారు. నూనె సంగతి చెప్పాను. "అయితే ఒక గుడ్డ పెట్టించండి" అన్నారు. నిజంగానే పెట్టించారు.

నేనొక కాగితం మీద "మెల్లగా రాయండి, రెండు మాటలకోసారి పంపు నొక్కండి" అని పెద్దక్షరాలతో రాసి తెర అంచున అంటించాను. మరునాటికి లేదు. ఫైవ్ ఎస్ ఆడిట్ వస్తోందట. ఫైవ్ ఎస్ అంటే పనిచేసే చోటు శుభ్రంగా, పొందికగా ఉంచే జపాను పద్ధతి. దాని ప్రకారం యంత్రాల మీద కాగితాలు అంటించకూడదు. ఎవరో శ్రద్ధగా పీకి, జిగురు కూడా గీకారు.

తడిక పక్కన కాపు కాసి మనిషిని పట్టుకోవచ్చు. కానీ ఎవరూ గమనించరని బోర్డు పెట్టిన చోట నేనే నిలబడితే, ఆ మనిషి ఇంకెప్పుడూ రాడు. అందుకని ఒక పని చేశాను. రోజూ సాయంత్రం ఆ గుడ్డతోనే కీబోర్డు శుభ్రంగా తుడిచేవాణ్ణి. మర్నాడు ఉదయం టీ విరామం అయ్యాక వెళ్ళి చూసేవాణ్ణి. నూనె ఉంటే మనిషి ఉన్నాడని అర్థం. అంతకు మించిన సాంకేతిక పరిజ్ఞానం ఆ వారం నా దగ్గర లేదు. మసకబారిన అక్షరాల వైపు చూసి, హమ్మయ్య అనుకుని, నా ప్రింటర్ల దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి.

తర్వాతి సోమవారం వెళ్ళి చూస్తే మీటలు తెల్లగా ఉన్నాయి.

మీటలు శుభ్రంగా ఉన్నాయని భయపడిన సిస్టమ్స్ ఇన్‌చార్జిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. నేరుగా ప్రెస్ షాపుకు వెళ్ళి ఫోర్‌మన్ గోవిందప్పను పక్కకు పిలిచాను. బాగలూరు మనిషి. ప్రెస్సుల చప్పుడులో బతికి బతికి రహస్యం కూడా కేకేసి చెప్పేవాడు.

"గోవిందప్పా, ఈ రోజు మీ షాపులో ఎవరు రాలేదు?"

"ఇద్దరు సార్. ఒకడు చెల్లెలి పెండ్లికి పోయినాడు. ఇంగొకడు తిమ్మరాజు. చెప్పాపెట్టకుండా ఆగినాడు."

"తిమ్మరాజంటే?"

"అదే సార్, పోయిన ఏడు ప్రెస్సు కింద కుడిచెయ్యి రెండు వేళ్ళు పోయిండ్లా, వాడు. ఇప్పుడు తుక్కు ఎత్తే పని ఇచ్చినారు. లైట్ డ్యూటీ."

"టీ వేళకు మీతో కూర్చుంటాడా?"

గోవిందప్ప కాస్త ఆలోచించాడు. "లేదు సార్. యాడికో పోతాడు. బీడీకి పోతాడనుకుంటిమి."

కుడిచేతికి రెండు వేళ్ళు లేని మనిషి ఎడమచేతి వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నాడు. అతని గది ఎక్కడో చూపించమన్నాను.

ఇద్దరం నా స్కూటరు మీద బయలుదేరాం. బాగలూరు రోడ్డులో గులాబీ తోటలు మొదలయ్యే చోట ఒక వరుసలో అద్దె గదులు ఉన్నాయి. అందులో ఒకటి తిమ్మరాజుది. దారిలో గోవిందప్ప నా చెవిలో అరుస్తూనే ఉన్నాడు: "వాడిది సామల్పట్టి కాడ పల్లె సార్. గొర్రెలోళ్ళు. పెండ్లాం బిడ్డ ఆడనే ఉండారు." ఆ తర్వాత ఉన్నట్టుండి, "తొందరగా పోండి సార్" అన్నాడు, మెల్లగా. గోవిందప్ప మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

తలుపు తెరిచే ఉంది. తిమ్మరాజు గడప మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై దాటని మనిషి, దట్టమైన మీసాలు. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టాడు. వెనక గది ఊడ్చి ఉంది. నేను మొదట చూసింది అతని గోళ్ళు. ప్రెస్ షాపులో పనిచేసేవాళ్ళ గోళ్ళలోంచి నూనె పండగకు కూడా పోదు. అతని గోళ్ళు తెల్లగా ఉన్నాయి. చర్మం ఎర్రబడేలా రుద్దినట్టున్నాడు.

"ఏంరా, పనికి యాల రాలేదు?" అని అలవాటు కొద్దీ అరిచాడు గోవిందప్ప.

తిమ్మరాజు కోపగించుకోలేదు. లోపలికి చెయ్యి చూపించాడు. కంపెనీ యూనిఫారం ఇస్త్రీ చేసి, మడిచి, పైన గుర్తింపు కార్డు పెట్టి ఉంది. "మీరే వచ్చినారు గదన్నా, మంచిదాయె. స్టోరులో ఇచ్చేయండి. బాకీ పెట్టుకునేది నాకు బాగుండదు."

గోవిందప్ప నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ కంప్యూటరు పెట్టినప్పుడు ఇచ్చిన బెంగుళూరు కౌన్సెలరు నంబరు ఫోనులో ఉంది. నాలుగడుగులు పక్కకు వెళ్ళి, తిమ్మరాజు మీద నుంచి కన్ను తిప్పకుండా ఆమెకు చేశాను. పెద్దావిడ గొంతు. తొందరపడలేదు. "సూటిగా అడగండి, చచ్చిపోవాలనుకుంటున్నారా అని. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. సలహాలు ఇవ్వకండి. ఒంటరిగా వదలకండి" అని చెప్పింది.

వెళ్ళి అతని పక్కన గడప మీద కూర్చున్నాను. జీవితంలో అంత సూటి ప్రశ్న ఎవరినీ అడగలేదు. ఏ మాటకైనా కాస్త వెటకారం చుట్టి ఇవ్వడం నా అలవాటు. ఆ రోజు చుట్టడానికి ఏమీ దొరకలేదు.

"తిమ్మరాజూ, చచ్చిపోదామనుకుంటున్నావా?"

తలూపాడు.

"ఆ కంప్యూటరులో రాసింది నువ్వేనా?"

"దినామూ రాస్తా ఉంటిని సార్. మొత్తం రాసి ఒకేసారి పంపిద్దామని. సగం చెప్పి ఊరుకుంటే బాగుండదు గదా. నేను రాసేలోపలే అది థ్యాంక్స్ చెప్పేస్తా ఉండె." మీసాలు తడుముకున్నాడు. "ఒక దినం నాకు సంపంగి అని పేరు పెట్టె. ఇంగొక దినం మల్లె అనె. ఈ మీసాలు పెట్టుకోని సంపంగి అంటే ఏమి రాసేది సార్?"

గోవిందప్ప నవ్వబోయి ఏడ్చాడు. ఆ గొంతుకు తగ్గట్టే పెద్దగా.

"మరి ఈ రోజు రాయడానికి రాలేదే?"

"ఈ దినం రాసేదానికి ఏమీ లేదు సార్. అయిపాయె."

"ఏం రాయాలనుకున్నావో ఇప్పుడు చెప్పు. నేను ఎక్కడికీ పోను."

చెప్పాడు. మధ్యలో చాలాసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ నేను నోరు మూసుకున్నాను. నా స్నేహితులు ఈ మాట నమ్మరు. వేళ్ళు పోయినందుకు కాదట. ప్రమాదం అయ్యాక అందరూ మంచిగా మారిపోయారట. ఎవరూ తిట్టరు, ఎవరూ పని చెప్పరు. ప్రెస్సు దగ్గరికి వెళితే "నువ్వు కూర్చోప్పా" అంటారు. ఊరికి పోతే గొర్రె కాళ్ళు కట్టడానికి కూడా తమ్ముణ్ణే పిలుస్తారు. "యాడ పోయినా కూర్చో కూర్చో అంటారు సార్. ఎంతసేపని కూర్చునేది?"

ఆ సాయంత్రం అతని బావమరిది సామల్పట్టి నుంచి వచ్చేదాకా మేమిద్దరం కదల్లేదు. మరునాడు క్రిష్ణగిరిలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మందులు రాసిచ్చారు. కౌన్సెలరు చాలాకాలం ఫోనులో మాట్లాడింది. అతను ఒక్కసారిగా కోలుకోలేదు. కొన్ని వారాలు మరీ అధ్వాన్నంగా గడిచాయి. చివరికి కంపెనీ మానేసి ఊరికి వెళ్ళిపోయాడు.

టైమవుట్ మాత్రం ఆ వారంలోనే తీసేశారు. వచ్చే వెర్షను దాకా ఆగనక్కర్లేదని అప్పుడు తెలిసింది. ఆ నెల రిపోర్టులో నాలుగు సంభాషణలు కనిపించాయి. "సున్నా నుంచి నాలుగుకు పెరిగింది, ఇది ఆందోళనకరం" అని మేనేజరు మీటింగులో అన్నారు. మైసూరుపాకు పంచలేదు.

తిమ్మరాజు వెళ్ళేటప్పుడు నేనొక ఏర్పాటు చేశాను. రోజూ టీ వేళకు నాకొక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్కసారి మోగించి పెట్టేస్తే చాలు. టైపు చేయనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు, పువ్వు పేరు లేదు. మాట్లాడాలనిపిస్తే రెండుసార్లు మోగించాలి, నేను చేస్తాను. దానికి టైమవుట్ లేదని చెప్పాను.

ఏడాదికి పైగా మోగింది. కొన్ని రోజులు రెండుసార్లు మోగేది. అలాంటి రోజుల గురించి ఇక్కడ రాయను. నెమ్మదిగా రెండుసార్లు మోగడం తగ్గింది. ఒక ఆదివారం అసలు మోగలేదు. మధ్యాహ్నందాకా చూసి నేనే చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నాను. హోసూరు నుంచి సామల్పట్టి స్కూటరు మీద వెళ్ళే దూరం కాదని తెలుసు, అయినా తీసుకున్నాను. మూడోసారి ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు, ఎవరివో బూతులు.

"అయ్యో సార్! మర్చేపోయినాను సార్. మా ఊరి పక్క పోచంపల్లి సంతలో ఉండాను. ఈడ ఒకడు పొట్టేలుకు బేరం ఆడతా నా ప్రాణం తీస్తా ఉండాడు. మళ్ళా చేస్తా సార్, పెట్టేయండి!"

పెట్టేశాను. మర్చిపోయాడు. నన్ను మర్చిపోయినందుకు అంతకు ముందెప్పుడూ నేనెవరికీ అంతగా కృతజ్ఞత చెప్పుకోలేదు.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది చాలావరకు ఇప్పుడు పనికిరాదు. ఆ కంప్యూటర్లూ లేవు, ఆ సాఫ్ట్‌వేరూ లేదు. మిగిలింది ఒక్కటే. తుడిచినట్టున్న కీబోర్డూ నిశ్శబ్దమే, మోగని ఫోనూ నిశ్శబ్దమే. ఒకసారి మనిషి పోబోతున్నాడు, ఇంకోసారి బతుకులో పడి మర్చిపోయాడు. రిపోర్టులో రెండూ సున్నాలే. ఏది ఏదో తెలియాలంటే ఎవరో ఒకరు లేచి వెళ్ళి చూడాలి.

టూల్ రూము ఫిట్టరు విషయంలో అలా వెళ్ళి చూడడానికి మాకెవరికీ కారణం కనిపించలేదు. ఎందుకంటే ముందురోజు అతను నవ్వాడు. ములక్కాడ ముక్క చివరికి నాకే దొరికింది.