మేస్త్రి వాసన చూశాడంటే

ఆ షెడ్డుకు వచ్చేవాళ్లంతా ఆయన్ని ముక్కు మేస్త్రి అనేవారు. బానెట్ ఎత్తకముందే కారు వెనక్కి వెళ్లి, సైలెన్సర్ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతిని వాసన చూసి జబ్బేమిటో చెప్పేసేవాడు. పని అయ్యాక మళ్లీ ఒకసారి వాసన చూసి "ఇక వెళ్లిరండి" అనాలి. ఆ మాట వినకుండా ఎవరూ షెడ్డు దాటేవారు కాదు. కోపం కూడా ఆ ముక్కు మీదే ఉండేది కాబట్టి ఎదురు చెప్పేవారూ లేరు.

వానాకాలంలో ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆ వాసనను పట్టుకుపోయింది. పెట్రోలూ పౌడరూ మాడిన కూరా ఆయనకు ఒకటే అయిపోయాయి. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. అప్పటికే పనంతా కూతురి చేతిలోకి వచ్చేసింది. స్కానర్ తగిలించి బండిలో లోపం కనిపెట్టేది ఆమె, బళ్లు విప్పేది ఆమె. ఆయనకంటూ మిగిలింది ఆ చివరి వాసన ఒక్కటే. అదీ పోయిందని తెలిస్తే తనను ఓ కుర్చీలో కూర్చోబెట్టి, వేళకు టీ ఇచ్చి మర్యాద చేస్తారని భయం. ఆ మర్యాద తలుచుకుంటేనే ఆయనకు ఒళ్లు మండేది. అందుకని అరచెయ్యి అడ్డం పెట్టడం మానలేదు, వెళ్లిరమ్మనడమూ మానలేదు.

ఆ రోజు ఒక నర్సమ్మ కారు వచ్చింది. పెట్రోలు నీళ్లలా తాగేస్తోంది, ఇంజన్ లైటు ఆరడం లేదు. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కూతురు తేల్చింది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎంత పోయాలో ఇంజన్‌కు కబురు పెట్టే చిన్న ముక్క అది. ఇంజన్‌ను ఆనుకున్న పొగగొట్టంలో మరతో బిగించి ఉంటుంది.

"నువ్వు ఆ వ్యాను బ్రేకులు చూసుకో. ఇది నేను మారుస్తా," అన్నాడు మేస్త్రి.

పాత సెన్సర్ తుప్పు పట్టి గొట్టాన్ని కరుచుకుని ఉంది. నూనె పోసి, వేడి చేసి లాగితే ఊడింది కానీ, గొట్టం లోపలి మరను కాస్త చెడగొట్టి మరీ ఊడింది. ముందు ఆ మర బాగుచేసి, కొత్తదాన్ని చేత్తోనే తిప్పుతూ ఎక్కించాలి. కూతురికి పని నేర్పినప్పుడు ఈ మాట వందసార్లు చెప్పినవాడే. ఆ పూట మాత్రం, ముసలాడికి ఇంతసేపా అనుకుంటుందేమోనని తొందరపడి స్పానర్‌తో బలవంతంగా తిప్పాడు. సెన్సర్ వంకరగా ఎక్కి, పక్కన సందు వదిలి కూర్చుంది.

కూతురు వచ్చి స్కానర్‌తో లైటు ఆర్పేసి, మళ్లీ బ్రేకుల దగ్గరికి పోయింది. నర్సమ్మ ఇంజన్ స్టార్ట్ చేసింది. పక్క సీట్లో వాళ్లమ్మ కూర్చుని ఉంది. మేస్త్రి వెనక్కి వెళ్లి, పద్ధతి ప్రకారం చెయ్యి పెట్టి వాసన చూశాడు.

"బ్రహ్మాండంగా ఉంది. ఇక వెళ్లిరండి."

"ఆగండాగండి!" కూతురు పరుగున వచ్చింది. "ఏంటి నాన్నా ఇది? పొగంతా బానెట్ కిందే వచ్చేస్తోంది. ముక్కు బద్దలైపోతోంటే నీకు తెలియలేదా?"

"వాసన గురించి నాకే చెప్తున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ..."

కారు లోపల ముసలావిడ దగ్గడం మొదలుపెట్టింది. ఏసీ కోసం అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి, ఆ గాలితో పాటే పొగా లోపలికి వస్తోంది. మేస్త్రి గబగబా తలుపు తీసి, ఆవిడను చెయ్యి పట్టి బయటికి దించాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తెలియలేదమ్మా," అన్నాడు. "ఆ జ్వరం తగ్గిన దగ్గర్నుంచి నాకు ఏ వాసనా రావట్లేదు."

కూతురు కేకలేయలేదు. "మరి ఇన్నాళ్లూ నువ్వు వెళ్లిరమ్మన్న బళ్లు? నేనూ నీ మాట మీదే వదిలేశాను కదా నాన్నా," అంది. కేకలేసినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆమె ఇంజన్ ఆపేసి, అది చల్లారే లోపు మర బాగుచేసే పనిముట్లు తీసి పెట్టుకుంది. మేస్త్రి ఫోను పట్టుకుని షెడ్డు బయటికి వచ్చాడు. ముందుగా గుర్తొచ్చింది ట్యాక్సీ డ్రైవరు. ఆ మధ్య అతని బండికీ పొగగొట్టం పని తనే చేశాడు.

"బాబూ, బండి ఒకసారి పట్టుకురా. మళ్లీ చూడాలి."

"ఎందుకు మేస్త్రీ? మీరు వాసన చూసే పంపించారుగా!" అతను పెద్దగా నవ్వాడు. "మీరు వెళ్లిరమ్మన్నాక ఇంక చూసేదేముంది? బళ్లో బడిపిల్లలున్నారు, ఉంటా మరి."

ఫోను పెట్టేశాడు. మేస్త్రి వెంటనే మళ్లీ అదే నంబరు నొక్కాడు.

"నవ్వకు," అవతల ఫోను ఎత్తగానే అన్నాడు. "ముందు బండి ఆపి, అద్దాలు దించు."