హిందీలోకి మార్చని మాట

కారణం ముందు, కార్యం వెనుక. తర్కంలో నేను నేర్చిన తొలి పాఠం అది. అందుచేత దయ్యాల సంగతులు చెప్పేవారిని జాలిగా చూసేవాణ్ణి. ఇప్పుడు నా సంగతే వ్రాయవలసి వచ్చింది.

డెబ్బైల చివర, వరుసగా మూడేళ్లు వాన ఎరుగని కాలం. గుత్తికి పడమరగా, ఎప్పుడో విడిచిపెట్టిన బంగారు గనిలో నీరుందేమో చూడడానికి ఒక పరిశోధక బృందం వచ్చింది. అధికారి, యంత్రంతో తాడు దించేవారు, అందరూ ఉత్తరాదివారే. గనిలోకి దిగేది మాత్రం మన బావులు తవ్వే నరసప్ప. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణయిన నాకు హిందీ కూడా వచ్చు గనుక దుబాసీగా పిలిచారు. నరసప్ప కింది నుంచి చెప్పేది విని, అధికారికి హిందీలో చెప్పాలి. అంతే నా పని. అతని ప్రాణం నా చెవి మీద నిలిచి ఉందని అప్పుడు తోచలేదు.

పొద్దు నెత్తికెక్కుతున్న వేళ, నరసప్ప నా పక్కనే నిలబడి నడుముకు తాడు కట్టుకొంటున్నాడు. గని లోపలి నుంచి అతని గొంతే వినిపించింది.

"అయివారూ, తాడు లాగమనండి. ఊపిరాడల్యా."

నరసప్ప కూడా విన్నాడు. తాడు ముడి బిగిస్తూ నవ్వాడు.

"నాకంటే ముందే దిగినాడు, వీడెవడప్పా. మీ సారుకు చెప్పండి అయివారూ."

నేను చెప్పలేదు. అధికారి నవ్వుతాడని సిగ్గు. ప్రతిధ్వని అని సరిపెట్టుకొన్నాను. పలకని మాటకు ప్రతిధ్వని ఎక్కడిదని అడగవలసినవాణ్ణి నేనే.

అంతలో గనిలోంచే మరొక గొంతు లేచింది. ముసలి గొంతు, దగ్గుతో తెగుతూ. "నరసప్పా, నాకు వినపడలేదయ్యా." ఎవరిదో మా ఇద్దరికీ తెలియలేదు.

తన ఊరి ఆడవాళ్లు కడవ నీళ్లకు మూడు మైళ్లు నడుస్తున్నారని, దిగక తప్పదని నరసప్ప అన్నాడు. దిగాడు.

కొంత లోతు నుంచి, "ఈడ తేమ ఉండాది" అన్నాడు. హిందీలో చెప్పాను. ఆ తరువాత ఏమీ లేదు. అంచున బోర్లా పడుకొని చెవి ఒగ్గాను. ఏమంటున్నాడని అధికారి మూడుసార్లు అడిగాడు. ఏమీ అనడం లేదని మూడుసార్లు చెప్పాను. అది నిజం.

తాడు వదులైతే అనుమానం వచ్చి పైకి లాగారు. ప్రాణం లేని నరసప్ప నోరు తెరిచి ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఎంతో సేపు గట్టిగా అరిచినవాడి ముఖం అది. విషవాయువు అన్నాడు వైద్యుడు. గాలి చెడితే ఆరిపోతుందని అతనితో దించిన దీపం మాత్రం వెలుగుతూనే వచ్చింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. కిందటి వేసవిలో దగ్గు పట్టుకొంది. ఒకనాడు మనవరాలిని పిలుస్తూ, నా నోట వచ్చిన ఆ ముసలి గొంతును గుర్తుపట్టాను.

ఆ గని దగ్గరికి నేను మళ్లీ పోలేదు. వినపడలేదన్న ఆ మాట ఇంకా అనలేదు. ఆనాడు విన్నది కార్యమైతే, కారణం ఇంకా నా గొంతులోనే ఉంది.

ఇది ఎట్లా సాధ్యమో నేటికీ చెప్పలేను. గుత్తి బస్సు ఎన్ని గంటలకని మాత్రం నిన్న మనవరాలిని అడిగాను.