కండక్టరు ఎస్తేరుకు కరెంటు సూదులు

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది వేసవిలో ఏలూరులోని ఒక పెద్దాసుపత్రికి మానసిక వైద్య విభాగం సీనియర్ స్పెషలిస్టుగా వచ్చాను. అదే నా చివరి పోస్టింగు. వస్తూ వస్తూ ఒక చిన్న పెట్టె తెచ్చుకున్నాను. అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ మిషను. వెంట్రుకంత సన్నని సూదులను నిర్ణీతమైన చోట్ల గుచ్చి, వాటికి క్లిప్పులు తగిలించి, బ్యాటరీ నుంచి అతి స్వల్పంగా కరెంటు పంపే పద్ధతి. డిప్రెషన్‌లో మందులతో పాటు వాడితే కొందరికి అదనపు సాయంగా ఉంటుంది. మందులకు బదులు మాత్రం కాదు. మా సూపరింటెండెంట్‌గారు ఆ పెట్టెను చూసి, ఇంత చదువు చదివి చివరికి సూదుల సర్కసు పెడుతున్నారా మేడమ్ అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆయన చేత ఆ మాట వెనక్కి తీయించాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఎస్తేరు ఆ రోజుల్లోనే వచ్చింది. భీమడోలులో ఇల్లు, తాడేపల్లిగూడెంలో బస్సు కండక్టరు ఉద్యోగం. నెలల తరబడి మంచం దిగలేదు. నిద్ర లేదు, తిండి సయించదు, స్నానానికి కూడా లేవబుద్ధి కాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని మేము మొదటే సూటిగా అడుగుతాం. లేదంది. సెలవులన్నీ అయిపోయాయి. డ్యూటీకి పనికొస్తుందని మెడికల్ బోర్డు ఒప్పుకోకపోతే ఉద్యోగానికే ఎసరు. మాత్రలతో కొంత తేలికపడింది కానీ, డోసు పెంచిన ప్రతిసారీ కళ్లు తిరిగేవి. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషైతే ఎలాగో సర్దుకోవచ్చు. కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టే మనిషికి అది కుదరదు. అందుకని డోసు పెంచకుండా సూదులు జత చేద్దామన్నాను.

ఆమె భర్త ఏసుపాదం అడ్డం పడ్డాడు. అతను ఎలక్ట్రీషియన్. కొల్లేటి పక్క చేపల చెరువుల్లో ఏరియేటర్లకు, అంటే నీళ్లను చిలికి చేపలకు గాలి అందించే యంత్రాలకు, మోటార్లు బిగిస్తాడు. నీళ్లలో గాలి చాలకపోతే చేపలు ఊపిరాడక పైకి తేలతాయి. తడి చేత్తో మోటారు ముట్టుకుని మనిషి పోవడం కళ్లారా చూసినవాడు.

"నెత్తిమీద కరెంటేంటండీ! మా ఆవిడ్ని చంపేస్తారా ఏంటండీ?" అన్నాడు.

నేను వాదించలేదు. మిషను అతని చేతిలోనే పెట్టాను. వెనక మూత తీసి బ్యాటరీ చూశాడు, వైర్లు తడిమాడు, చివరికి ముందు తనకే పెట్టమని కుర్చీలో కూర్చున్నాడు. నడినెత్తిన ఒక సూది, కనుబొమల మధ్య ఒకటి గుచ్చి, కరెంటు మెల్లమెల్లగా పెంచాను. బిగబట్టిన భుజాలు కాసేపటికి జారాయి.

"ఓస్, ఇదేనాండీ! చేపపిల్ల మూతితో పొడుస్తున్నట్టుందండీ" అన్నాడు. ఆ తరువాత ఎస్తేరు కూర్చుంది.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట. ఇద్దరూ రైల్లో వచ్చి వెళ్లేవారు. ముందు నిద్ర పట్టింది, తరువాత ఆకలి వేసింది. నేను సంబరపడుతూ ఉండగానే మళ్లీ దిగజారింది. గోడవైపు తిరిగి పడుకుంటోందట, పలకరిస్తే పలకదట. ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. సూదులు పనిచేస్తున్నాయి కదా అని ఏసుపాదం మాత్రలు మాన్పించేశాడు. మంచికే చేశాడు పాపం. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. బోర్డు ముందుకు వెళ్లాల్సిన రోజు ముంచుకొస్తోంది. వరండాలో ఉన్నవాళ్లు తొంగిచూసేంత గట్టిగా కేకలేశాను. మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాను, సూదులు కొనసాగించాను, గడువు కోరుతూ బోర్డుకు రాశాను.

కొన్ని వారాల తరువాత ఒక ఉదయం ఏసుపాదం నసుగుతూ, ఇప్పుడు బాగానే ఉంది కదా, మాత్రలు ఆపెయ్యమంటారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఎస్తేరు అతని మీదికి తిరిగింది.

"చేపలు తేలట్లేదని ఏరియేటర్ ఊడబీకేస్తారేంటండీ? డాక్టరుగారు ఆపమన్నప్పుడే ఆపుతాను. మీరు ఊరుకోండి."

అన్ని నెలల్లో ఆమె నోట అంత పొడుగు మాట నేను వినలేదు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. లక్షణాలకు మార్కులు వేసే మా ప్రశ్నావళి కూడా ఆ రోజు ఆమె కోలుకుందనే చెప్పింది. బోర్డు ఆమెను ఫిట్ అంది. సూపరింటెండెంట్‌గారు సర్కసు మాట మళ్లీ ఎత్తలేదు సరికదా, నా మిషనుకు విడిగా ఒక గది ఇప్పించారు. ఆ గది తాళంచెవి కాస్త టెక్కుగానే అందుకున్నాను.

నేను రిటైరయ్యాక, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చిన కొత్తలో, తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కాను. ఇసుక వేస్తే రాలనంత జనం. "జరగండమ్మా, ముందంతా ఖాళీయే!" అని వెనక నుంచి ఖంగుమంటూ ఒక గొంతు. ఎస్తేరే. నన్ను చూసి నమస్కారం పెట్టింది, మాత్రల డోసు బాగా తగ్గించారని సంతోషంగా చెప్పింది. తరువాత ఉచిత టిక్కెట్టుకు ఆధార్ కార్డు చూపించమంది. ఇంట్లో మరిచిపోయి వచ్చానన్నాను.

"అయితే టిక్కెట్టు తీసుకోవాలండి డాక్టరుగారూ. రూలండీ" అని టిక్కెట్టు కొట్టి నా చేతిలో పెట్టి, పక్క సీటు వైపు తిరిగింది.

ఆమె విషయంలో సూది ఎంత పనిచేసిందో, మాత్ర ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. రెండూ కలిసి నడిచినప్పుడు లేచింది, మాత్ర ఆపినప్పుడు పడింది. కొత్త పద్ధతి చేపట్టిన డాక్టరు పాత మందును రెట్టింపు శ్రద్ధతో కాపాడుకోవాలి. ఇక నయమైందా లేదా అన్నది రోగి డ్యూటీలో తేలుతుంది. వైద్యం చేసిన మనిషికి కూడా మొహమాటం లేకుండా టిక్కెట్టు కొట్టిందంటే నయమైనట్టే.