దువ్విన ఇసుక

మామ్మగారు పోయారన్న కబురు నాకు డ్రైవరు తెచ్చాడు. దుబాయ్‌కి కాస్త దూరంలో ఉమ్ అల్ క్వైన్‌లో ఇప్పుడు నేను పనిచేస్తున్న ఇంటికి సరుకులు తెచ్చే కరీంనగర్ అతను. పికప్ దిగుతూనే, "అక్కా, నీ దుబాయ్ ముసలమ్మ పోయిందట. మట్టి గూడ అయిపోయిందట, ఖలాస్" అన్నాడు. బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి గుమ్మంలోనే కూలబడ్డాను. "నీకు కబురు జెయ్యలేదా?" అని అతనే నొచ్చుకున్నాడు. ఎందుకు చేస్తారు? నేను వాళ్ళింట్లో ఒకప్పటి పనిమనిషిని. ఆవిడ నాకు ఏమవుతుందో వాళ్ళకేం తెలుసు?

మామ్మగారంటే మా పాత మేడం తల్లి. మేడం ఇంగ్లండులో పుట్టి పెరిగింది. భర్త ఇంజనీరు, వాళ్ళకొక పాప. మామ్మగారిది మాత్రం ఇంగ్లండు కాదు, లాత్వియా. ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డున చిన్న చలిదేశం, అప్పటికి రష్యావాళ్ళ చేతుల్లో ఉంది. కోనసీమ నుంచి వెళ్ళి కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, ఆ పేరు ఎప్పుడూ వినలేదండీ అంటే, "నేను మీ కోనసీమ పేరు విన్నానా ఏమిటి?" అన్నారు. చెల్లుకు చెల్లు. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు, నా హిందీ ముక్కలు, నేను నేర్పిన నాలుగు తెలుగు మాటలు కలిసి మాకంటూ ఒక భాష తయారైంది. దాంట్లో మేము కబుర్లు చెప్పుకుంటుంటే మేడం తల పట్టుకునేది.

అప్పట్లో వాళ్ళది కంపెనీ ఇచ్చిన విల్లా. వెనక గోడ పక్కన మంచమంత జాగా ఆవిడది. ప్రతి శనివారం సాయంత్రం ఎండ తగ్గాక, తోటపనికి వాడే ఇనపపళ్ళ కర్ర పట్టుకుని ఆ ఇసుకంతా దువ్వేవారు. నేను దాన్ని దువ్వెన అనేదాన్ని. జడ అల్లినట్టు అటో గీత ఇటో గీత వేసుకుంటూ వెనక్కి నడిచేవారు, తన అడుగులు తనే చెరిపేసుకుంటూ. మర్నాడు కాఫీ అయినా తాగకుండా వెళ్ళి చూసేవారు. పిల్లి నడిస్తే పిల్లి వచ్చిందనేవారు. గోరింక కాలిగుర్తులు కనిపిస్తే ఆ పూటంతా హుషారే. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని నవ్వుకునేదాన్ని.

అంతటితో ఊరుకున్నానా? దొరల ఇళ్ళల్లోనూ ముగ్గులుంటాయని సంబరపడిపోయి, ఉగాది నాడు పొద్దున్నే ఆ జాగా మధ్యలో బియ్యప్పిండితో పద్మం ముగ్గు వేశాను. మధ్యలో రెండు పువ్వులు కూడా పెట్టాను. మామ్మగారు వచ్చి చూసి కదలకుండా నిలబడిపోయారు.

"ఇదేమిటి?" అన్నారు.

"ముగ్గండి. ఇల్లు కళకళ్ళాడాలని వేస్తాం. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం వెయ్యమండి."

ఆవిడ నా మొహం వంక చూశారు. "ఇది మా నాన్న సమాధి" అన్నారు.

లెంపలు వేసుకుని, ఒంగి చెరిపెయ్యబోతే నా చెయ్యి పట్టుకున్నారు. అప్పటికే పిండి కోసం చీమలు బారులు కట్టాయి. "చెరపకు. చూడు, ఎంతమంది వచ్చారో" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

ఆ రోజు వంటగదిలో నా పక్కన స్టూలు వేసుకుని చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులట, జూన్ నెల. ఆవిడకి పట్నంలో ఉద్యోగం. శనివారం ఇంటికి వచ్చేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. తెల్లవారకముందే రష్యా సైనికులు వచ్చి అమ్మని, నాన్నని, తమ్ముణ్ణి లారీ ఎక్కించుకుపోయారు. వాళ్ళేం తప్పు చేశారండీ అన్నాను. "సొంత పొలం ఉంది. నాన్న మాటకి ఊళ్ళో విలువుంది. అంతే" అన్నారు. స్టేషన్‌లో ఆయన్ని వేరే పెట్టెలోకి నెట్టారని తర్వాత ఎవరో చెప్పారట. తల్లీ తమ్ముడూ సైబీరియాలోనే పోయారని చాలా ఏళ్ళకి తెలిసింది. నాన్న ఏమయ్యాడో, ఎక్కడ పూడ్చారో ఈ రోజుకీ తెలీదు.

"పితకని ఆవు అరుస్తోంది. ముందు వెళ్ళి దాన్ని పితికాను" అన్నారు. గేదెలున్న ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఆ ఒక్క ముక్క చాలు. తాగేవాళ్ళు లేని పాలచెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చినప్పుడు కనిపించాయట అడుగులు. నాన్న ఆదివారం కోసం ముందే దువ్వి పెట్టుకున్న వాకిలి. దాని మీద సైనికుల బూట్లు, అమ్మ జోళ్ళు, తమ్ముడి ఉత్తకాళ్ళు. కుడికాలు కాస్త ఈడ్చే నాన్న అడుగులు అందరికంటే వెనక ఉన్నాయి. లారీ చక్రాల గుర్తుల దగ్గర అవి ఆగిపోయాయి. సాయంత్రం వాన పడి మొత్తం తుడిచేసింది. ఆ తర్వాత ఆవిడ ఎలాగో దేశం దాటి, చివరికి ఇంగ్లండు చేరారు.

వాళ్ళ దేశంలో సమాధుల చుట్టూ ఇసుక ఇలాగే దువ్వుతారట. ఎందుకండీ అంటే, "దువ్వకపోతే ఎవరైనా వచ్చారో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు.

మేడంకి ఆ జాగా అంటే ఒళ్ళుమంట. ఓసారి పాప బంతి కోసం అందులో అడుగు పెట్టింది. మామ్మగారు ఏమీ అనలేదు గానీ మేడమే ఉలిక్కిపడి పాపని రెక్క పట్టి లాగేసింది. తర్వాత సింకు దగ్గరికి వచ్చి కొళాయి తిప్పింది. "నా చిన్నప్పుడూ ఇంతే. ప్రతి అద్దె ఇంట్లోనూ తాతకి చోటు ఉండేది, నేను ఆడుకోవడానికి ఉండేది కాదు. అందులో ఎవరూ లేరు, వట్టి ఇసుక!" అంది. నిజమే కదా పాపం. లారీ ఎక్కించింది ఆ ముగ్గురినే అయినా, ఆనాటికి పుట్టని మేడం కూడా దాన్లోంచి దిగలేదు.

కాంట్రాక్టు మారి వాళ్ళు మూడో అంతస్తు ఫ్లాటుకి వెళ్ళిపోవడంతో నా పని పోయింది. ఓసారి చూసిపోదామని వెళితే, మామ్మగారు కేకు కాల్చే ట్రేలో ఇసుక పోసి, బాల్కనీలో పెట్టుకుని ఫోర్కుతో దువ్వుకుంటున్నారు. అంత మనిషి అంత చిన్న ట్రే మీద ఒంగి ఉంటే నాకు ఏడుపొచ్చింది. "నేను పోయాక మా వాళ్ళు ఇసుక దువ్వరు. నాన్న అడుగులు పోయినట్టే నేనూ పోతాను" అన్నారు. ఆవిడ నోట దిగులు మాట విన్నది ఆ ఒక్కసారే. నేనున్నాను కదండీ అన్నాను. "చాలు" అన్నారు, తెలుగులో.

కబురు తెలిశాక వచ్చిన శుక్రవారం డ్రైవరు నన్ను ఆ ఫ్లాటుకి తీసుకెళ్ళాడు. మేడం ఏడవడం లేదు, ఇల్లు సర్దుతోంది. నన్ను చూడగానే మూలనున్న దువ్వెన తెచ్చి చేతిలో పెట్టింది. "నువ్వు తీసుకో. సమాధి దగ్గరికి నేను రాను. నా జన్మకి సరిపడా దువ్వాను" అంది. తలుపు చాటు నుంచి పాప చూస్తోంది.

మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. "ఆడోళ్ళు లోపటికి పోవచ్చునా అక్కా మరి?" అని డ్రైవరు కూడా జంకాడు. మా అమ్మకి తెలిస్తే గుమ్మం ఎక్కనివ్వదు అనుకుంటూనే లోపలికి వెళ్ళాను. నాలుగు వైపులా ఎత్తైన గోడ, లోపలంతా ఇసుక. కొత్త మట్టి గుర్తుపట్టడం కష్టం కాలేదు. చుట్టూ జడ అల్లినట్టు దువ్వి, వెనక్కి నడుచుకుంటూ నా అడుగులు చెరిపేసి బయటికి వచ్చాను. మాట నిలబెట్టుకున్నానే గానీ మనసు కుదుటపడలేదు. ఆవిడ ఎదురుచూసింది నా కోసం కాదు కదా.

మరుసటి శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. ఆ వారం గాలి పెద్దగా లేదు. నేను గీసిన గీతలు అలాగే ఉన్నాయి. వాటి మీద ఒక జత జోళ్ళ గుర్తులు తిన్నగా తలవైపుకి వెళ్ళాయి. అక్కడ ఇసుక బాగా దిగబడి ఉంది, ఎవరో చాలాసేపు నిలబడినట్టు. వాటి చుట్టూ చిన్న చిన్న ఉత్తకాళ్ళు ఇష్టం వచ్చినట్టు పరుగెత్తాయి.

దువ్వెన భుజాన వేసుకున్నాను. వాళ్ళ అడుగులు తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చేశాను. ఆ వారం ఇసుక దువ్వలేదు.