గేర్ సైకిల్‌కు అవ్వ పెట్టిన ఆముదం

మా చిన్నప్పుడు... పలమనేరులో తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పట్టేదంటే, పాలు పోసి తిరిగొచ్చే నాయన కంటికి కనిపించేవాడు కాదు. ముందు ఆయన పాత సైకిల్ బెల్లు వినిపించేది... తర్వాత ఖాళీ పాల క్యాన్ల చప్పుడు... ఆ తర్వాతే నాయన.

ఆ మంచులో వాకిట్లో నిలబడి నేను గేర్ సైకిల్ కలలు కనేదాన్ని. మా ఇల్లు మిట్ట మీద, బడి పల్లంలో. పోయేటప్పుడు హాయి... వచ్చేటప్పుడు పుస్తకాల సంచితో ప్రాణం మీదికొచ్చేది. గేర్ సైకిల్ ఉంటే ఆ మిట్ట నల్లేరు మీద బండి నడకే అని నా నమ్మకం.

ఏడో తరగతి సెలవుల్లో నాయన నన్ను చిత్తూరుకు తీసుకెళ్ళాడు. ఆయనకు సంతలో ఆవును చూసి కొనడం ఒక్కటే తెలుసు... సైకిల్ అంగట్లోనూ అదే పని చేశాడు. ఒక్కో సైకిల్‌ను నాలుగడుగులు నడిపించాడు. చక్రం ఎత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. బ్రేకు నొక్కి వదిలాడు.

అంగడాయన నవ్వుతూ, "ఏమప్పా, పండ్లు కూడా సూస్తావా?" అన్నాడు.

"గేరుకు పండ్లు ఉండాయి కదప్పా, అవీ సూస్తా" అన్నాడు నాయన.

నా కళ్ళు మాత్రం ఒక ఎర్ర సైకిల్ మీదే... నడుములో పెద్ద స్ప్రింగుతో మెరిసిపోతోంది. నాయన దాన్ని ఒకసారి ఎత్తి చూసి దించేశాడు. "సూసేదానికి బాగుండాది పాపా. కానీ నువ్వు తొక్కేదాంట్లో సగం ఆ స్ప్రింగే తినేస్తాది. మిట్టెక్కేదానికి తేలికది కావాల" అన్నాడు.

ఎదిగే పిల్ల కదా, పెద్దది తీసుకోమన్నాడు అంగడాయన. మా ఇంట్లో గౌను నుంచి చెప్పుల దాకా అన్నీ ఎదిగే పిల్ల కొలతకే కొనేవాళ్ళు. అయినా నాయన ఒప్పుకోలేదు. "గౌను పెద్దదైతే మడిసి కుట్టొచ్చు. సైకిలు పెద్దదైతే కాలు అందక పడతాది" అని, నా రెండు కాళ్ళూ నేలకు ఆనే నీలం సైకిల్ ఎంచాడు.

ఎర్రదాని కోసం బస్సులో ఏడ్చాను... బంగారుపాళ్యం మామిడి తోటలు వచ్చేసరికి, మన సైకిల్ బస్సు పైన భద్రంగా ఉందా అని దిగులు పట్టుకుంది. అంతే, అది నాదైపోయింది.

ఇంటికి రాగానే నాయన షరతు పెట్టాడు. "ఒక్కసారి పడినావంటే కొట్టంలో దూలానికి యాలాడగడతా. పదో తరగతి అయినాకనే దించేది." నాయన మాటంటే మాటే... ఆవులకు కూడా తెలుసు.

మొదటి వారం గేర్లు మార్చనే లేదు, అరిగిపోతాయేమోనని. తర్వాత మెల్లగా ధైర్యం వచ్చింది... మంచులో పల్లానికి జారిపోతుంటే కాళ్ళ కింద రోడ్డు ఉందో లేదో తెలిసేది కాదు. చల్లగాలి, తడిసిన కనుబొమ్మలు, చైను టిక్ టిక్ మనే చప్పుడు... అంత సుఖం మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఆయుధ పూజ వచ్చింది. సైకిల్‌కు పసుపు, కుంకుమ పెట్టింది మా అవ్వ, నాయన వాళ్ళమ్మ. తాత ఎద్దులబండి తోలిన కాలంలో ఇరుసుకు కందెన పెట్టిన చేయి ఆమెది. చక్రమన్నాక నూనె తాగాలన్నది ఆమె లెక్క... ఎవరూ చూడకుండా గిన్నెడు ఆముదం తెచ్చి, రెండు చక్రాల అంచులకూ నిగనిగలాడేలా పట్టించింది.

నిమ్మకాయలు తొక్కించి, అందరూ చూస్తుండగా పల్లంలోకి వదిలాను. మలుపు దగ్గర బ్రేకు నొక్కితే... పట్టలేదు. మళ్ళీ నొక్కాను... సైకిల్ సబ్బు ముక్కలా జారిపోతోంది. నేరుగా పోయి పేడదిబ్బలో పడ్డాను. దెబ్బ తగల్లేదు గానీ, మోచేతుల దాకా పేడ.

నాయన పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు. చక్రాన్ని తడిమి వేలు వాసన చూశాడు. వెనకే వచ్చిన అవ్వ చేతిలో ఇంకా ఆ గిన్నె ఉంది... ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సైకిల్ దూలమెక్కడం నాకు కళ్ళ ముందు కనిపిస్తోంది. అవ్వ పేరు చెబితే చాలు, తప్పించుకోవచ్చు. నోరు రాలేదు.

"నేనే బ్రేకు సూసుకోలేదు నాయనా" అన్నాను.

అవ్వ ఆగలేకపోయింది. "మిట్టెక్కేటప్పుడు బిడ్డ రొప్పతా ఉండాదని... నేనే పెట్టినా నాయనా."

నాయన ఇంట్లోకి పోయాడు. బూడిద, కుంకుడుకాయల పులుసు తెచ్చి, చక్రాలకు తలంటు పోసినట్టు రుద్ది కడిగాడు. తర్వాత అవ్వను పిలిచి చైను చూపించాడు. "అమ్మా, దీనికి నూనె తాగే సోటు ఇదొకటే. వారానికోసారి నువ్వే ఎయ్యాల. అంచుకు మాత్రం వద్దు... బ్రేకు పట్టుకునేది ఆడ."

సైకిల్ దూలమెక్కలేదు. నాయన మాట తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అవ్వ కోడి ఈకతో, చైనుకు ఒక్కో లంకె దగ్గరా ఆముదం అద్దేది. ఆదివారం కొట్టం వెనక నాయన సైకిల్ తుడిచేవాడు. ఆముదం వాసన కొడుతూ నేను పదో తరగతి దాటేశాను.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. పోయిన నెల మా పాపకు గేర్ సైకిల్ కొన్నాను... కాళ్ళు నేలకు ఆనేదే. చైనుకు చిన్న సీసాలో నూనె ఇచ్చారు, ఏ వాసనా లేదు. ఆముదం వేస్తే దుమ్ము పట్టి చైను జిగురైపోతుందని ఆ అంగట్లోనే తెలిసింది. మరి నా సైకిల్‌కు ఏమీ కాలేదేమని నాయనను ఫోన్‌లో అడిగాను.

కాసేపు నవ్వాడు. "ఆదివారం ఆదివారం కిరసనాయిలుతో తుడిసేవాణ్ణి గదా పాపా... మీ అవ్వకు తెలీకుండా."

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు చివరిదాకా తెలీదు... నాకూ మొన్ననే తెలిసింది.

ఇప్పుడు ఫోన్ చేస్తే సైకిల్ బాగుచేసేవాళ్ళు ఇంటికే వస్తారు, పని చక్కగా చేసి పోతారు. కానీ మనం మిట్టెక్కలేక రొప్పుతున్నామని గిన్నెడు ఆముదం తెచ్చేవాళ్ళు ఏరీ... మీ మొదటి సైకిల్‌కు నూనె పెట్టిన చేయి ఎవరిది?