వీపు మీది రఫూ

రఫూ మాస్టారికి బట్ట చూపించి అబద్ధం చెప్పడం కుదరదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఒకసారి ఒకాయన కోటు తెచ్చి, మేకు గుచ్చుకుందన్నాడు. మాస్టారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూశాడు.

"మేకైతే పోగులు తెగుతాయండీ. ఇవి కాలాయి. సిగరెట్లు మానేశానని ఇంట్లో చెప్పారు కదూ?"

నలభై ఏళ్ళుగా చిరుగులు పూడ్చీ పూడ్చీ మనుషుల మాటల్ని కూడా వెలుతురుకి ఎత్తిపట్టి చూడడం ఆయనకు అలవాటైపోయింది. కూర బాగుందా అని భార్య అడిగితే "ఎందుకు, ఏం వేశావు?" అనే రకం.

ఒక్కగానొక్క కొడుకు పదాతిదళంలో లెఫ్టినెంటు. ఇరవై నాలుగేళ్ళకే సరిహద్దు కొండ మీద పోరులో పోయాడు. పెట్టె మూసే తెచ్చారు, తెరవనివ్వలేదు. మూడు నెలలకి ఒకేరోజు రెండు వచ్చాయి. ఒకటి, సభలో పతకం ఇస్తున్నామన్న ఉత్తరం. రెండోది, పిల్లవాడి సామాను మూట.

'శత్రువు మీదికి దూసుకుపోతూ ఛాతీలో తూటా తగిలి' అని ఉత్తరంలో ఉంది. భార్య ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని కొంగుతో మొహం కప్పుకుంది. మాస్టారు మూటలోంచి యూనిఫాం చొక్కా తీశాడు. ఉతికి, ఇస్త్రీ చేసి పంపారు.

ఛాతీ దగ్గర బట్ట చెక్కుచెదరలేదు.

వెనక్కి తిప్పి తడిమాడు. కుడి భుజం కింద బొటనవేలు ఆగింది. పావలా బిళ్ళంత మేర నేత కాస్త మందంగా తగిలింది. అంచు మడత విప్పి చూస్తే లోపల పోగులు లాగేసి ఉన్నాయి. ఎవరో చొక్కా పోగులతోనే చిల్లు పూడ్చారు. చేయి తిరిగిన పనే, మామూలు కంటికి ఆనదు. ఎడమ చంక కింద మాత్రం కుట్టు పిగిలిపోయి అలాగే ఉంది.

తూటా దిగింది వీపులో. దాచారు. ఎందుకు దాచారు?

చిన్నప్పుడు వాడు కుక్కని చూస్తే వీధి చివరిదాకా పరిగెత్తేవాడు. ఇప్పుడా పరుగు గుర్తొచ్చి మాస్టారికి అన్నం సహించలేదు. పారిపోతుంటే ఎవరో చంక దగ్గర పట్టుకుని ఆపబోయారా? పరువు కోసం ఉత్తరంలో ఛాతీ అని రాశారా? చొక్కాని దుకాణం సొరుగులో, పాత బట్టల కింద పెట్టేశాడు.

"సభకి నేను రాను. నడుం నొప్పి," అన్నాడు భార్యతో.

"నడుం నొప్పా, నాటకమా? కన్నకొడుకు పతకం తీసుకోడానికి కూడా అనుమానమేనా మీకు?"

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాడు. ఎక్కలేదు.

సభ ఇంకో రెండు రోజులుందనగా చంకలో కర్రతో ఒక సిపాయి దుకాణం మెట్టెక్కాడు.

"నాన్నగారూ, నేను మా లెఫ్టినెంట్ సారు కంపెనీలోవాణ్ణి. హాస్పిటల్ నుంచి నిన్ననే వదిలారు."

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండీ. వద్దన్నారు కూడా."

మాస్టారు స్టూలు చూపించాడు. సిపాయి కాలు చాపుకుని కూర్చుని చెప్పాడు. బంకరు చేజిక్కాక సారు కిందికి దిగిపోయి ఉండొచ్చు. ఈ సిపాయి కాలికి తూటా తగిలి బయట పడున్నాడని తెలిసి వెనక్కి వెళ్ళాడు. ఎత్తి నడిపిస్తుంటే పైనున్న ఇంకో బంకరు నుంచి కాల్చారు. తూటా వీపులో దిగింది. అయినా పది అడుగులు ఈడ్చి బండ చాటుకి చేర్చాడు.

"మరి ఉత్తరంలో ఛాతీ అని ఉందే?"

"అది తప్పన్నానండీ. 'వీపని రాస్తే చదివేవాళ్ళు వేరేగా అనుకుంటారు, ఊరుకో' అన్నారు ఆఫీసులో. ఊరుకోలేక వచ్చాను."

మాస్టారు వాడి మొహంకేసి చూడలేదు. వాడి చేతులనే చూస్తున్నాడు.

"నిన్ను ఏ పక్కన పట్టుకున్నాడు?"

"సారుకి ఎడమ పక్కనండీ."

"నువ్వు దేన్ని పట్టుకున్నావు?"

"జారిపోతుంటే చంక కింద చొక్కా దొరికింది. పర్రుమని పిగిలింది. అయినా వదల్లేదు. బండ చాటుకి చేరాక నా పిడికిలి మావాళ్ళే విప్పాల్సొచ్చిందట."

సొరుగులో ఉన్న ఆ కుట్టు సంగతి మాస్టారు కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. వీడు ఆ చొక్కాని మళ్ళీ చూసే వీల్లేదు, హాస్పిటల్లో ఉన్నాడు. ఆయన లేచి, సొరుగు లాగి, పాత బట్టల కిందనుంచి చొక్కా తీశాడు.

సిపాయికి ఇంట్లోంచి మంచినీళ్ళు తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల మీద కొడుకు చొక్కా బోర్లా పరిచి ఉంది. ఆయన సూది మొనతో ఒక్కొక్క పోగే పైకి లేపి లాగుతున్నాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారండీ?"

"ఎవడో రఫూ చేశాడు. విప్పుతున్నాను."

"మరి చంక కింద పిగిలిన ఈ కుట్టు?"

"అది వీడు పట్టుకున్న చోటు. అలాగే ఉండనీ." చివరి పోగు తీశాక చిల్లు గుండ్రంగా తెరుచుకుంది. ఆయన దాని చుట్టూ అరచేత్తో నిమిరాడు. "ఎల్లుండి ఇది కూడా తీసుకెళ్దాం. వీపు పైకొచ్చేలా మడత పెట్టు."